మంగళవారం కరెంటు

నాలుగో కొట్టులో అడుగుపెట్టేసరికి ముసలాయన కంటే ముందు ఆయన భార్య మోకాళ్ళు చేతులెత్తేశాయి. పొద్దున్నుంచి తిరిగిన తిరుగుడు అలాంటిది మరి. లోపలికి వస్తూనే ఆవిడ ఓవెన్ల వంక కాదు, కుర్చీల కోసం చూసింది. వస్తువులు నిలబెట్టిన చోట మనుషులు కూలబడ్డానికి కుర్చీలెవడు వేస్తాడు? గోడవారగా అట్టపెట్టెలో మైక్రోవేవ్ ఒకటి కనిపిస్తే, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని దాని మీదే కూర్చుంది.

"మీరెళ్ళి చూసుకోండి. నేను దీన్ని చూస్తుంటాను" అంది.

"దాని మీదెక్కి కూర్చుని దాన్నెలా చూస్తావే?"

"అన్నీ కళ్ళతోనే చూడాలా? మీరు చేత్తో చూడరూ?"

ఆ మాటకి ముసలాయన కాస్త పొంగాడు. పొంగడానికి ఆ రోజు మొత్తం మీద ఆయనకి దొరికింది అదొక్కటే.

ఆయన్ని అందరూ బట్టీ మాస్టారంటారు. బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకే బేకరీలో, ఒకే ఇటుకల బట్టీ నోటి ముందు నిలబడి రొట్టె కాల్చినాయన. కట్టెలతో మండే బట్టీకి అంకెలుండవు, మీటలుండవు. లోపల చెయ్యి పెట్టి లెక్కపెట్టడమే. ఆరు దగ్గర చెయ్యి లాక్కోవాలనిపిస్తే బన్నులు పెట్టాలి. పది దాకా ఓర్చుకోగలిగితే రొట్టె. పదహారైతే బిస్కట్లు. ముప్ఫై దాకా చెయ్యి హాయిగా ఉందంటే ఇక రస్కులు ఆరబెట్టుకుని ఇంటికి పోవడమే. ఆ లెక్క పరుగెత్తకూడదు, పాకకూడదు. పిండిమూట భుజానేసుకుని మెట్లు దిగే మనిషి అడుగుల్లా పడాలి.

ఆ చేతి గురించి ఆయన చెప్పే కథలకి అంతూ పొంతూ ఉండదు. పొగగొట్టం మీద పిచ్చుక వాలితే అర అంకె తేడా వచ్చేదట. కట్టెలు తెచ్చేవాడు పొద్దున్నే పెళ్ళాంతో గొడవపడి వచ్చాడో లేదో ఆ కట్టెల వేడిని బట్టి చెప్పేవాడట. ఒకసారి బేకరీ యజమాని ఎక్కడినుంచో వేడి కొలిచే గొట్టమొకటి తెప్పించి బట్టీలో పెట్టాడు. గొట్టం ఒకటి చెప్పింది, ఈయన చెయ్యి ఇంకొకటి చెప్పింది. రొట్టెలు బయటికి తీసి చూస్తే చేతిదే నిజం. గొట్టం సిగ్గుతో పగిలిపోయిందని మాస్టారు చెబుతాడు. వేడికి పగిలిందని యజమాని చెప్పేవాడట గానీ, ఆయన ఇప్పుడు లేడు కాబట్టి మాస్టారి మాటే నిలబడింది.

బేకరీ మూతపడ్డాక ఆ పనితనమంతా ఇంట్లో ఉన్న ఓవెన్ మీదికి మళ్ళింది. అది కరెంటుది, వంటింటి గట్టు కింద నేలకి జానెడెత్తులో ఉంటుంది. మీట మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆయనకి అంకెలెందుకు? వంగి, చెయ్యి పెట్టి, లెక్కపెట్టి, మీట తిప్పి, రొట్టె లోపల పెట్టి పేపరు చదువుకోవడానికి వెళ్ళేవాడు. అరగంటకి వీధంతా వాసన వచ్చేది. కూతురింటికొకటి, పక్కింటికొకటి, కింద లాండ్రీవాడికొకటి.

ఏడాదిగా మాత్రం ఓవెన్ మొరాయిస్తోంది. ఉన్నట్టుండి ఒకరోజు రొట్టె బొగ్గై కూర్చుంటుంది. మాస్టారు ఊరుకునే మనిషి కాదు. రొట్టె మాడినప్పుడల్లా కాలెండరులో నల్లచుక్క పెట్టాడు. మూడు నెలలు పోయాక చూస్తే చుక్కలన్నీ ఒకే వరసలో నిలబడి ఉన్నాయి. అన్నీ మంగళవారాలే.

మంగళవారం ఏముంది? రెండు రాత్రులు పడుకుని ఆలోచించి పట్టేశాడు. మంగళవారం కింద లాండ్రీకి సెలవు. వారమంతా లాండ్రీలో ఆరు ఇస్త్రీపెట్టెలూ, రెండు పెద్ద మిషన్లూ పీల్చేసే కరెంటు, ఆ రోజు తాగే నాథుడు లేక, తన్నుకుంటూ మెట్లెక్కి నేరుగా తన ఓవెన్లోకి వచ్చి పడుతోంది. కరెంటు పని చేసేవాణ్ణి పిలిచి చెబితే వాడు నవ్వి టీ తాగి పోయాడు. అప్పుడు మాస్టారు స్వయంగా కిందకి దిగి, "మంగళవారం కనీసం ఒక్క ఇస్త్రీపెట్టైనా ఊరికే వెలిగించి పెట్టు బాబూ, పైన మేం బతకాలి" అని లాండ్రీవాణ్ణి అడిగొచ్చాడు. ఆలోచిస్తానన్నాడు వాడు.

ఇంత పరిశోధననీ ఆయన భార్య కూరగాయలు తరుగుతూ విన్నది. "అవునా" అంది. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

అందుకే వంటింటి అలమార్లకి చెదపట్టి, అంతా పీకి కొత్తగా కట్టించాల్సి వచ్చినప్పుడు, మాస్టారు ముందుగా అడిగింది మంగళవారం కరెంటుకి తట్టుకునే ఓవెన్. గిన్నెలు మంచం కిందా, పప్పుడబ్బాలు స్నానాలగదిలోనూ చేరి పది రోజులైంది. రాత్రి కాలు జాపితే మూకుడు మోగుతోంది. వడ్రంగి మేస్త్రి రేపు పొద్దున చెక్కలు కొయ్యాలి. ఓవెన్ కొలతా, అది పెట్టాల్సిన ఎత్తూ సాయంత్రం అయిదింటికల్లా చెప్పకపోతే ఇంకో పనికి పోతానన్నాడు, పోతే మళ్ళీ నెల దాకా రాడు. కూతురు ఫోనులో పదిహేను ఓవెన్ల బొమ్మలు పంపి, "ఏదో ఒకటి తీసేసుకోండి నాన్నా, అన్నీ ఒకటే" అంది. అన్నీ ఒకటే అన్న మాటకి ఆయన రెండు పూటలు కూతురితో మాట్లాడలేదు.

కొనేముందు ఓవెన్ వేడి చేసి చూపించాలి, తాను చెయ్యి పెట్టి చూడాలి. ఇదీ ఆయన షరతు. మొదటి కొట్టువాడు నవ్వాడు. రెండో కొట్టులో ప్లగ్గు లేదు. మూడో కొట్టువాడు మేనేజరుని పిలుస్తానని వెళ్ళి, ఆ మేనేజరుతో పాటు తానూ మాయమయ్యాడు.

నాలుగో కొట్టులో అమ్మే ఆవిడకి యాభై దాటుంటాయి. తెల్లారి లేచింది మొదలు నిలబడే ఉన్న మనిషని కాళ్ళు చూస్తేనే తెలుస్తోంది. చెప్పుల్లోంచి మడమలు బయటికి తీసి, బల్లకి ఆనుకుని మాస్టారి షరతంతా విన్నది.

"వేడి చెయ్యడానికేం బాబాయ్ గారూ, ఈ రెండింటికీ ప్లగ్గులున్నాయి. ఈ నేల మీదది చూస్తారా, ఆ గోడలోదా?"

"నేల మీదదే. బట్టీ అన్నాక కిందే ఉండాలి. మనిషి వంగాలి దానికి."

"వంగే మనుషులు మీరే, నాకేం" అని ఆవిడ రెండొందల ఇరవై పెట్టి మీట నొక్కింది.

వేడెక్కడానికి పావుగంట పట్టింది. ఈలోపు పిచ్చుక కథా, గొట్టం కథా అయిపోయాయి. కొట్టావిడ ఆవలింత మింగుతూ ఊఁ కొట్టింది. అట్టపెట్టె మీద భార్య కళ్ళు మూసుకుంది. గంట మోగగానే మాస్టారు భార్య ముందుకెళ్ళి చెయ్యి చాపాడు. ఆవిడ సగం నిద్రలోనే చొక్కా చేతి గుండీ విప్పి, మోచేతి దాకా మడిచింది. కిందటి చలికాలం నుంచీ ఆయన గుండీలన్నీ ఆవిడే పెడుతోంది, ఆవిడే విప్పుతోంది. గుండీలు మరీ నున్నగా చేస్తున్నారనీ, వేళ్ళలోంచి జారిపోతున్నాయనీ మాస్టారి ఫిర్యాదు. కొత్త స్టీలు గ్లాసుల్ని మాత్రం తెగ మెచ్చుకుంటాడు. టీ ఎంత పొగలు కక్కుతున్నా గ్లాసు వేడెక్కదని. షుగరు వచ్చి పన్నెండేళ్ళైంది. అరికాళ్ళు మొద్దుబారాయా అని డాక్టరు అడిగినప్పుడల్లా, "నా పని చేతులతోటండీ" అని చెప్పొస్తాడు.

ఓవెన్ తలుపు తీసి, ఒంగి, చెయ్యి పెట్టాడు. పిండిమూటతో మెట్లు దిగడం మొదలెట్టాడు.

"ఒకటి. రెండు. మూడు."

ఆరు దాటింది. పది దాటింది. కొట్టావిడ బల్లని వదిలి నిటారుగా నిలబడింది.

"పదిహేను. పదహారు. ఇది బిస్కట్లకి కూడా చాలదమ్మా, గోరువెచ్చగా ఉంది. పద్దెనిమిది."

"రెండొందల ఇరవై చూపిస్తోంది బాబాయ్ గారూ."

"అంకెలదేముంది, ఎవడు రాస్తే వాడి పాట పాడతాయి. ఇరవై రెండు. నీళ్ళ కుండలో పెట్టినట్టుంది. ఇరవై మూడు."

"ఏమండీ" అంది అట్టపెట్టె మీంచి భార్య. "చెయ్యి తియ్యండి."

"ఆగవే, లెక్క తప్పుతుంది."

"వాసనొస్తోంది. తియ్యండి."

ఆ వాసన మాస్టారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? బట్టీ పనిలో కొత్తగా చేరినవాడి దగ్గర మొదటి వారంలో వచ్చే వాసన అది, ముంజేతి మీది వెంట్రుకలు కమిలే వాసన. వాసనొచ్చిన ప్రతివాణ్ణీ ఆయన జీవితమంతా వెక్కిరించాడు. చెయ్యి బయటికి తీసి చూసుకున్నాడు. వెంట్రుకలు ముడుచుకుని ఆవగింజల్లా అయ్యాయి. చర్మం కాల్చిన ఇటుక రంగులో ఉంది. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూశాడు. మంట లేదు. మంట వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు.

లేవలేనని కూర్చున్న మనిషి ఎలా లేచిందో, భార్య అప్పటికే ఆయన్ని మణికట్టు పట్టుకుని వెనకవైపుకి నడిపిస్తోంది. కొట్టావిడ ముందు నడిచి చేతులు కడుక్కునే చోట కుళాయి తిప్పింది. నీళ్ళ కింద చెయ్యి పెట్టించి, ఒక స్టూలు లాక్కొచ్చి భార్యకి వేసింది. "చాలాసేపు ఉంచండి పిన్నిగారూ, నేను మందు తెస్తాను" అని వెళ్ళింది.

నీళ్ళు పడుతున్నాయి. నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో కూడా మాస్టారికి సరిగ్గా తెలియలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"నన్నడుగుతారేం? చెయ్యి మీది."

"నీకు తెలుసు."

"గుండీలు నేను పెట్టడం మొదలైన దగ్గర్నుంచి" అంది ఆవిడ. "అంతకు ముందు కూడా కాస్త."

మాస్టారు కుళాయి వంకే చూస్తున్నాడు. ఆయన బుర్రలో కాలెండరు తిరుగుతోంది, నల్లచుక్కల వరసతో సహా.

"మంగళవారం నువ్వెక్కడికెళ్తావు?"

"ఎక్కడికేమిటి, మోకాళ్ళ వ్యాయామానికి. ఏడాదైంది. బస్సెక్కించేది మీరేగా."

"మిగతా రోజులు ఇంట్లో ఉంటావు."

"ఉంటాను."

"నేను పేపరు చదువుకోడానికెళ్ళాక..."

"వంగి మీట తిప్పుతాను. మీరు పెట్టిన చోటు నుంచి రెండు వేళ్ళు వెనక్కి. ఆ మధ్య మూడు వేళ్ళయింది."

లాండ్రీ కరెంటు, ఆరు ఇస్త్రీపెట్టెలతో సహా, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మాస్టారికి ఆ మెట్ల చప్పుడు వినబడినంత పనైంది. పరువు సంగతి అటుంచితే, ఇంకోటి మెల్లగా తట్టిందాయనకి. ఆ మీట నేలకి జానెడెత్తులో ఉంది. ఈవిడ నేల మీద పడ్డ చెంచా కూడా తీయదు, కాలితో పక్కకి తోస్తుంది.

"ఎలా వంగావే?"

"స్టూలు పట్టుకుని. వంగడం పెద్ద కష్టం కాదు. లేవడమే కష్టం, ఎవరూ పిలవకపోతే బావుండుననిపించేది. మీరేమో సరిగ్గా అప్పుడే కళ్ళజోడెక్కడుందని కేకేసేవారు."

"చెప్పొచ్చుగా నాతో."

"చెబితే ఏం చేస్తారు? కాల్చడం మానేస్తారు. మానేసి పొద్దస్తమానం వంటింట్లో నా వెనకాలే తిరుగుతారు. దాని కంటే వంగడమే నయమనిపించింది."

"మరి నాలుగు కొట్లు ఎందుకు తిరిగావు నాతో? పాతది బాగానే ఉందని తెలిసి."

"నేను తిరిగానా, మీరు తిప్పారా?" అంది ఆవిడ. ఆయన చెయ్యి ఇంకాస్త నీళ్ళ కిందకి జరిపి, "కొత్తది ఏదైనా కాస్త పైన పెట్టిస్తారేమోనని ఆశ. మీరేమో బట్టీ కిందే ఉండాలంటారు" అంది.

కొట్టావిడ తెచ్చిన మందు భార్యే రాసింది. ఏ ప్రశ్నా అడక్కుండా కొట్టావిడ నేల మీది ఓవెన్ ఆపేసి తలుపు మూసింది. గోడ గడియారంలో నాలుగుంపావు.

"పద, పోదాం" అన్నాడు మాస్టారు. "ఓవెన్ వద్దులే. ఆ చోట పళ్ళేలు పెట్టుకునే అర కొట్టమని చెబుతాను మేస్త్రికి. రొట్టె కొనుక్కుంటే దొరకదా ఏమిటి."

అంటున్నది కొన్న రొట్టెని ముప్ఫై ఎనిమిదేళ్ళు దూదిపింజ అని పిలిచిన మనిషి. ఆ మాటలో కోపం కూడా లేదు. మూట దించేసినవాడు మాట్లాడినట్టుంది. భార్యకి ఆయన కోపం భరించడం తెలుసు, గొప్పలు భరించడం తెలుసు. ఇది భరించడం ఎలాగో ఆవిడ నేర్చుకోలేదు, ఈ వయసులో నేర్చుకునే ఓపికా లేదు.

"అమ్మా" అని కొట్టావిడని పిలిచింది. "ఆ గోడలో ఉన్నదాన్ని వేడి చెయ్యగలవా? దానికెంత పెట్టావో అంతే."

"ఇప్పుడా పిన్నిగారూ?"

"భోజనం చేశావా నువ్వు?"

"ఎక్కడా."

"నా సంచీలో అరటిపళ్ళున్నాయి. తింటూ వేడి చెయ్యి."

ముగ్గురూ తలో అరటిపండూ తిన్నారు. ఎవరూ ఏ కథా చెప్పలేదు. గోడలోని ఓవెన్ గంట కొట్టాక భార్య దాని ముందు నిలబడింది. వంగక్కర్లేకుండా, తలుపు సరిగ్గా ఆవిడ మోచేతి దగ్గర తెరుచుకుంది. గాజుల్ని వెనక్కి తోసుకుని చెయ్యి లోపల పెట్టింది.

"లెక్కపెట్టండి."

"ఎందుకే ఇప్పుడు?"

"చెయ్యి కాలుతోంది, తొందరగా."

"ఒకటి" అన్నాడు మాస్టారు, అలవాటు కొద్దీ. "రెండు. మూడు."

ఆవిడ చెయ్యి లాక్కుంది.

"మూడేమిటే, సిగ్గులేకుండా. మూడుకి చెయ్యి తీసినవాణ్ణి మా బేకరీలో పిండి కలపడానికి కూడా రానిచ్చేవాళ్ళు కాదు."

"నేను మీ బేకరీలో చేరలేదు. వంటింట్లో చేరాను. మళ్ళీ పెట్టండి లెక్క."

ఈసారి నాలుగు. మూడోసారీ నాలుగే. మాస్టారు గడ్డం గోక్కున్నాడు, మందు రాయని చేత్తో. రెండొందల ఇరవై అంటే తన చెయ్యి బాగున్న రోజుల్లో ఆరు. బన్నుల వేడి.

"నీ నాలుగు నా ఆరు" అన్నాడు నెమ్మదిగా. "అమ్మా, కాస్త తగ్గిస్తావా దీన్ని? రొట్టె వేడికి రావాలి."

కొట్టావిడ గడియారం చూసి, పిన్నిగారిని చూసి, తగ్గించింది. మాస్టారు తలుపు తీసి, చల్లబడడానికి కాసేపు ఎదురుచూసి, మళ్ళీ భార్య చేత చెయ్యి పెట్టించాడు. ఆరున్నర దగ్గర తీసింది. అర ఎక్కడిదని ఆయన, అర అంటే అరేనని ఆవిడ. అలాగే ఉంచి, ఆరున్నర రొట్టె అని ఖాయం చేసుకున్నాడు. ఆవిడకి నిలబడే ఓపిక అయిపోవస్తోందని చూసి బిస్కట్ల సంగతి తర్వాత తేల్చుకుందామన్నాడు.

అప్పుడు ఫోను మోగింది. వడ్రంగి మేస్త్రి.

"ఏం పెద్దాయనా, అయిదవుతోంది. కొలత చెబుతారా, నేను సామాను సర్దుకోనా?"

మాస్టారు భార్య వంక చూశాడు. ఆవిడ ఓవెన్ తలుపు పట్టుకుని నిలబడి ఉంది, అది తలుపుకి అండో ఆవిడకి అండో చెప్పడం కష్టం.

"ఓవెన్ కొలత ఈ అమ్మ చెబుతుంది, రాసుకో. ఎత్తు మాత్రం నేను చెప్పాలి. ఉండు" అని ఫోను కొట్టావిడకిచ్చి, మాస్టారు నేల మీద చతికిలబడ్డాడు. భార్య చెప్పుల పక్కన చెయ్యి ఆనించి, కూర్చునే జానలు వేసుకుంటూ పైకి వచ్చాడు. చీర కుచ్చిళ్ళు దాటి, నడుము దాటి, మోచెయ్యి దగ్గర ఆగాడు. ఫోను మళ్ళీ తీసుకున్నాడు.

"నాలుగు జానల బెత్తెడు. తలుపు అడుగు అంచు అక్కడ రావాలి."

"జానలేమిటి పెద్దాయనా, ఎవరి జాన? నాదా మీదా?"

"నాదే. రేపు పొద్దున నువ్వొచ్చి టేపు పెట్టి చూసుకో. నా చెయ్యి కొలతకి ఇంకా బాగానే పనికొస్తుంది."

"అయిందా?" అంది భార్య పైనుంచి. "కూర్చోవచ్చా?"

"కూర్చో. ముందు నన్ను లేపు."

"నేనా?"

చివరికి ఇద్దర్నీ కొట్టావిడే లేపీ, కూర్చోబెట్టీ, కాగితాలు రాయించుకుంది.

బస్సులో సీటు దొరికింది. రెండు స్టాపులు పోయాయి. తర్వాత మాస్టారు, మందు రాసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ అన్నాడు.

"మంగళవారం బట్టీకి సెలవు. నేనూ నీతో వస్తాను, నీ మోకాళ్ళ డాక్టరు నా చెయ్యి కూడా చూస్తాడేమో అడుగుదాం."

"రండి."

"లాండ్రీవాడితో మాత్రం ఏమీ అనకు."

"ఏమని?"

"నెల రోజులుగా పాపం, మంగళవారం మంగళవారం షాపు తెరిచి ఒక ఇస్త్రీపెట్టె ఊరికే వేడి చేసి వెళ్తున్నాడు. కరెంటు ఇప్పుడు కాస్త తగ్గినట్టుందని నేనే చెప్పాను వాడికి."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. నవ్వుతోందో, కునుకు తీస్తోందో వెనకనుంచి తెలియలేదు. భుజాలు మాత్రం కాసేపు కదిలాయి. తర్వాత అవీ ఆగిపోయి, తల మెల్లగా వాలి మాస్టారి భుజం మీద ఆనింది. తమ స్టాపు వచ్చేదాకా ఆయన కదల్లేదు. పిండిమూటతో మెట్లు దిగే వేగంతో స్టాపులు లెక్కపెడుతూ కూర్చున్నాడు.